మావయ్యగారి పేరు మీద

పొద్దున్న ఆరుగంటలకు భవానీప్రసాద్ గారు ముందు గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంటే, ఉత్తరాలు చదవాల్సిన వేళయిందని ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. ఉత్తరాలంటే పోస్టులో వచ్చేవి కావు. కథల సైట్లో ఆయన సీరియల్ కింద పాఠకులు పెట్టే కామెంట్లు. ఆయన మాత్రం వాటిని ఉత్తరాలనే అంటారు. డెబ్బై ఒక్కేళ్ళ వయసులో తనకు ఉత్తరాలు వస్తున్నాయని చెప్పుకోవడంలో ఆయనకొక తృప్తి ఉంది. దాన్ని చెడగొట్టే ధైర్యం జగ్గయ్యపేటలో ఎవరికీ లేదు.

చదివి వినిపించేది కోడలు సుస్మిత. ఆయన కుడి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ ఎప్పుడంటే వచ్చే నెల అంటారు. ఆ వచ్చే నెల రెండేళ్ళుగా రావడం లేదు. సుస్మిత ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని, వంటింటి గుమ్మంలోంచే చదువుతుంది. ఏడూ ఇరవైకి ఆమె బస్సు. ఆలోపల మూడు బాక్సులు సర్దాలి. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్ళే భర్త దిలీప్‌కి ఒకటి, అయిదో తరగతి చదివే కూతురు లహరికి ఒకటి, నందిగామలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే తనకొకటి.

“చందర్లపాడు నుంచి లూర్దమ్మగారు రాశారు మావయ్యగారూ. నిన్నటి భాగం చదివాక అన్నం సహించలేదంట.”

“ఆవిడ రిటైరైన నర్సు కదూ. లోకం చూసిన మనిషి. ఇంకా?”

“తర్వాతి భాగం ఎప్పుడని నలభై మంది అడిగారు.”

నలభై మందా, అని ఆయన భార్య రాఘవమ్మ వైపు గర్వంగా చూశారు. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తల ఊపింది.

సుస్మిత ఫోను పక్కన పెట్టి బాక్సుల మూతలు బిగించింది. చదవనివి ఇంకా బోలెడున్నాయి. ఏవి పైకి చదవాలో, ఏవి చదవకూడదో ఆమె పళ్ళు తోముకునేటప్పుడే చూసి పెట్టుకుంటుంది. ఏడాదిన్నరగా ఆమె రోజు అలాగే మొదలవుతోంది. ఎందుకంటే ఆ సీరియల్ రాస్తున్నది భవానీప్రసాద్ గారు కాదు.

మోసం చేద్దామని మొదలుపెట్టింది కాదు పాపం. భవానీప్రసాద్ గారు నలభై ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాశారు. ఆ చేత్తోనే ఆరు నవలలు రాశారు. ఒక్కొక్కటీ బెజవాడలో సొంత ఖర్చుతో అయిదువందల కాపీలు వేయించేవారు. ఆవిష్కరణ సభ పెట్టి, వచ్చిన పెద్దలకి తనే శాలువాలు కప్పి, అందరికీ టిఫిన్ పెట్టి, ‘ఆత్మీయులకు’ అని సంతకం చేసి తలా ఒక పుస్తకం చేతిలో పెట్టేవారు. అట్ట వెనక ధర అచ్చు వేయించేవారు గానీ, ఆ ధర ఇచ్చి కొన్న మనిషిని ఆయన జన్మలో చూడలేదు. మిగిలిన కట్టలు అటక మీద, మంచాల కింద, బీరువా వెనక చేరాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు ఏ మూలకి పోయినా ఏదో ఒక నవలకి తగిలేది.

ఏడో నవల ‘తెగని గట్టు’ పూర్తయ్యేసరికి దిలీప్ అడ్డం పడ్డాడు. ఇక అచ్చు వద్దు నాన్నా, ఇప్పుడంతా ఫోన్లోనే చదువుతున్నారు, సైట్లో పెడదాం, సుస్మితకి తెలుగు టైపు వచ్చు అన్నాడు. టైపు వచ్చన్న మాట నిజమే. టైము ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

మొదట్లో ఆమె రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా కూర్చుని ఉన్నదున్నట్టే కొట్టి పెట్టింది. దస్తావేజు రాసే అలవాటు నవలలో కూడా ఆయన్ని వదల్లేదు. ఏ పాత్ర వచ్చినా తండ్రి పేరు, వయస్సు, వృత్తి, నివాసం చెబితే గానీ నోరు తెరవనివ్వరు. ఇల్లు కనబడితే తూర్పున ఫలానా వారి దొడ్డి, దక్షిణాన పంచాయతీ రోడ్డు అని నాలుగు హద్దులూ రాయాల్సిందే. పొలం గట్టు కోసం కొట్టుకునే అన్నదమ్ముల కథ అది. అందులో తమ్ముడి భార్య కనకం. ఆ హద్దులన్నీ పూర్తయ్యేదాకా ఆ మహాతల్లి మూడు ప్రకరణాలు గడప దాటకుండా కూర్చుంది. నెల తిరిగేసరికి పదకొండు సార్లు తెరిచి చూశారు జనం. అందులో సుస్మిత తెరిచి చూసుకున్నవే నాలుగు.

సాయంత్రం ఆమె బస్సు దిగి వచ్చి గేటు తీయగానే ఆయన అడిగేవారు, ఎంతమంది చదివారమ్మా అని. పెరుగుతున్నారు మావయ్యగారూ అనేది. పదకొండు అని మావగారి మొహం మీద చెప్పగలిగే కోడలు ఎక్కడైనా ఉందేమో. ఆమె వల్ల మాత్రం కాలేదు.

ఒకరోజు బస్సు చిల్లకల్లు దాటాక, పక్క సీటులో ఒకామె ఫోన్లో ఏదో కథ చదువుతూ, పైకి తోసి తోసి, విసుగొచ్చి ఆపేసి కళ్ళు మూసుకుంది. ఆ వేలు ఒక పొడుగాటి వర్ణన దగ్గర ఆగిపోవడం సుస్మిత చూసింది. ఆ రోజే ‘తెగని గట్టు’లో హద్దులన్నీ తీసేసింది. అక్కడి నుంచి ఆ బస్సే ఆమెకి బడి అయింది. ఆడవాళ్ళు ఎక్కడ ఫోను మూసేస్తారో, ఎక్కడ ఆగలేక ఇంకో భాగం తెరుస్తారో చూసి నేర్చుకుంది. ఒక్కో భాగం నందిగామ చేరేలోపు అయిపోయేంత చిన్నది చేసింది. అన్నదమ్ముల గొడవని మొదటి వాక్యంలోకి తెచ్చింది. ఎవరో తలుపు తడుతున్న చోట, ఎవరో నిజం చెప్పబోతున్న చోట భాగం ఆపడం నేర్చింది. పొద్దున పెట్టే భాగాన్ని మధ్యాహ్నం రెండింటికి మార్చింది, అంట్లు తోమేసి ఆడవాళ్ళు కాసేపు నడుం వాల్చే వేళకి. కనకం ఏం చేస్తే బాగుంటుందని పాఠకుల్నే అడిగింది. కామెంటు పెట్టిన ప్రతి మనిషికీ పేరుపేరునా జవాబు రాసింది. జవాబులన్నీ మావగారి పేరు మీదే. పదకొండు కాస్తా వందలయ్యాయి, వందలు వేలయ్యాయి.

అసలు చిక్కు తొమ్మిదో ప్రకరణం దగ్గర వచ్చింది. రాతప్రతిలో కనకం బావిలో దూకి చచ్చిపోతుంది. ఆ పేజీ ముందు సుస్మిత మూడు రోజులు ఆగిపోయింది. అప్పటికి కనకం ఆమెకి బాగా అలవాటైన మనిషి. నాలుగో రోజు ఆమె కనకాన్ని బావి దగ్గరికి కాకుండా గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి పంపించింది. లారీలు ఆగే చోట స్టవ్వు పెట్టించి ఇడ్లీలు వేయించింది. అక్కడి నుంచి కథ ఇరవై ఆరు భాగాలు నడిచింది. రాతప్రతిలో మిగిలినవన్నీ కోర్టు వాయిదాలు. వాటి జోలికి ఆమె మళ్ళీ పోలేదు.

ఒకటి రెండుసార్లు ఆయన భాగం కూడా చదివి వినిపించమన్నారు. సుస్మిత రాతప్రతి తీసి అందులోంచి చదివింది. ఆ తర్వాత ఆయనే, నేను రాసింది నాకెందుకులే, జనం ఏమన్నారో చెప్పు చాలు అన్నారు. ఆమెకి ఊపిరి వచ్చింది. ఊపిరి వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

అలా సాగుతుండగా ఒక పొద్దున లూర్దమ్మగారు ఫోను చేశారు. నందిగామలో పాఠకులందరూ కలుస్తున్నారట, ఆదివారం రచయితగారు రావాలట. అంతేకాదు, నవల పుస్తకంగా కావాలని మూడు వందల మంది ముందుగానే డబ్బు కట్టి పేర్లు రాయించుకున్నారట.

“కొనుక్కుంటారా?” అని అడిగారు భవానీప్రసాద్ గారు.

అవునన్నారు లూర్దమ్మగారు. ఆయనకి సరిగా వినబడక కాదు, మళ్ళీ ఒకసారి వినాలనిపించి, కొనుక్కుంటారా అని మళ్ళీ అడిగారు.

ఆ వారమంతా ఆయన కాలు ఒక చోట నిలవలేదు. క్షవరం చేయించుకున్నారు. ఖద్దరు చొక్కా ఇస్త్రీకి ఇచ్చారు. వీధిలో పాలకేంద్రం దగ్గర, మందుల షాపు దగ్గర, కనబడిన వాళ్ళందరికీ చెప్పారు. సుస్మిత ఎలాగైనా ఆపాలనుకుంది. బస్సు ప్రయాణం మీకు పడదు మావయ్యగారూ, ఫోన్లోనే మాట్లాడితే సరిపోతుంది కదా అని చెప్పి చూసింది.

ఆయన మొహం చిన్నబోయింది. “నా ఆరు సభలకీ నేనే మనుషుల్ని పిలుచుకున్నానమ్మా. ఇప్పుడు వాళ్ళే పిలుస్తుంటే వద్దంటావేంటి?”

ఆమె వెళ్ళి దిలీప్‌తో చెప్పుకుంది. నాన్న రాసిందాన్ని నువ్వు కొంచెం సరిచేస్తున్నావని నాకు తెలుసుగా, అక్కడెవరు అడుగుతారు, శాలువా కప్పి పంపిస్తారు అని అతను స్నానానికి వెళ్ళిపోయాడు. అతను ఒక్క భాగం కూడా చదవలేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆ వారంలో మూడుసార్లు ఆమె నిజం చెప్పేద్దామని మావగారి కుర్చీ దాకా వెళ్ళింది. మూడుసార్లూ కాఫీ కావాలా అని అడిగి వచ్చేసింది.

ఆదివారం నందిగామలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో అరవై మంది దాకా చేరారు. ఎక్కువ మంది ఆడవాళ్ళే. భవానీప్రసాద్ గారు వేదిక మీద కూర్చుని ఒక్కొక్కరినీ కళ్ళు చికిలించి చూస్తున్నారు. సుస్మిత మూడో వరసలో లహరిని పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. బాగుంది, కంటతడి పెట్టించారు అన్నారు. ఇలాగే గడిచిపోతే బాగుండునని ఆమె దేవుడికి మొక్కుకుంది.

అప్పుడు లూర్దమ్మగారు మైకు తీసుకున్నారు. తెల్లచీర, పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

“సార్, నేను ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళు తిరిగిన నర్సుని. మొదటిరోజు ఇడ్లీలన్నీ అమ్మేశాక, కనకం స్టవ్వు పక్కన నిలబడే రెండు ఇడ్లీలు తింటది కదా. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయపడి, నిలబడే తింటది. నేనట్లా ఎన్నేళ్ళు తిన్నానో. మగవాళ్ళు ఇది చూడరండీ. మీకెట్లా తెలిసింది?”

హాలంతా ఆయన వైపు చూసింది. ఆయన రాసిన నవలలో స్టవ్వు లేదు, ఇడ్లీలు లేవు. అసలు ఆ పాటికి కనకమే లేదు. ఆయన కొంచెంసేపు లూర్దమ్మగారిని చూశారు. తర్వాత మూడో వరసలో కోడల్ని చూశారు. సుస్మిత తల వంచుకుంది. ఆయనకి అది చాలు.

“ఇంట్లో చూసిందే రాశానమ్మా,” అన్నారు ఆయన.

చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. బస్సులో ఆయన జగ్గయ్యపేట దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు ఎప్పుడూ మెట్టు దగ్గర కోడలి చెయ్యి పట్టుకునే మనిషి, ఆ రోజు కడ్డీ పట్టుకుని దిగారు.

సోమవారం పొద్దున ముందు గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. ఉత్తరాలు చదవమని ఎవరూ అడగలేదు. ఆయన తన గదిలో కూర్చుని, మనవరాలి చేత ఫోన్లో అక్షరాలు పెద్దవి చేయించుకుని, భూతద్దం పట్టుకుని మొదటి భాగం నుంచి చదవడం మొదలుపెట్టారు. సోమవారం, మంగళవారం అదే పని. అన్నం పళ్ళెం సగం నిండుగానే తిరిగి వచ్చింది. కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతున్నా ఆపలేదు. సుస్మిత బడికి వెళ్ళి వస్తోంది గానీ, ఆ రెండు రోజులు ఏం పాఠం చెప్పిందో అడిగితే చెప్పలేదు. ఇంతకాలం ఆయన్ని కాపాడుతున్నాననుకుంది. అరవై మంది ముందు నిలబెట్టి పరువు తీసింది తనే అని ఇప్పుడు తెలుస్తోంది.

బుధవారం పొద్దున ఆమె స్టవ్వు వెలిగిస్తుంటే ఆయన వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“ఇవాళ బడికి సెలవు పెట్టమ్మా.”

ముందు గదిలో బల్ల మీద రాతప్రతి ఒక పక్క, ఫోను ఒక పక్క పెట్టి ఉన్నాయి. దిలీప్ రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు. భవానీప్రసాద్ గారు కోపంగా లేరు. అదే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

“కనకం చచ్చిపోయింది కదమ్మా,” అన్నారు. “తొమ్మిదో ప్రకరణంలో నేనే చంపాను.”

“అవును మావయ్యగారూ.”

“మరి ఇడ్లీలు ఎవరు వేస్తున్నారు?”

ఎవరూ నవ్వలేదు. దిలీప్ కల్పించుకున్నాడు. ఎవరు రాస్తే ఏంటి నాన్నా, ఇంట్లో వాళ్ళమే కదా, జనం చదువుతున్నారు, పుస్తకం కూడా వస్తోంది, మీ పేరే కదా వచ్చేది అన్నాడు. ఆ చివరి మాటే ఆయనకి తగలరాని చోట తగిలింది.

“నలభై ఏళ్ళు దస్తావేజులు రాశానురా. ఒకడి పొలం చెక్క ఇంకొకడి పేరు మీద రాయమని ఎంతమంది ఎన్ని ఆశలు పెట్టారో మీ అమ్మనడుగు. ఒక్కనాడు రాయలేదు. మొన్న అంతమంది ముందు నిలబడి, నాది కానిదాన్ని నాదని చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.” ఆయన కోడలి వైపు తిరిగారు. “మొదట్లో ఎంతమంది చదివారు? నిజం చెప్పు.”

“పదకొండు.”

“పదకొండా?”

“అందులో నాలుగు నేనే మావయ్యగారూ.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆరు నవలలు, మూడు వేల పుస్తకాలు, అన్ని శాలువాలు. ఇంత బరువు ఆ ఒక్క అంకె కింద పడి ఏమైందో ఆయన మొహంలో కనబడుతోంది. సుస్మితకి ఆ మొహం చూడలేక కళ్ళు నీళ్ళతో నిండాయి.

ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది కదమ్మా, అన్నారు.

“ఎట్లా చెప్తానండీ? నేను కోడల్ని. కూరలో ఉప్పు ఎక్కువైందని మీరు నాకు చెప్పొచ్చు. మీ నవల బాగాలేదని నేను మీకెట్లా చెప్తాను?”

“సరే, చెప్పలేకపోయావు. ఇంత రాయగలిగినదానివి నీ పేరు పెట్టుకుని వేరే రాసుకోకపోయావా? వద్దన్నానా నేను?”

ఆమె జవాబు చెప్పకూడదనే అనుకుంది. చెంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోదామనే అనుకుంది. కానీ ఏడాదిన్నరగా లోపల దాచుకుని దాచుకుని ఇక చోటు లేదు.

“నా పేరు పెట్టుకుంటే ఆ గంట నాకెవరిస్తారు మావయ్యగారూ? సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అత్తయ్య పొయ్యి దగ్గరికి వెళ్తారు. ఈయన లహరిని చదివిస్తారు. ఎవరన్నా పిలిస్తే, నా పని చేస్తోంది కదిలించొద్దు అని మీరంటారు. అది మీ పని కాబట్టి. అదే నా కథ రాసుకుంటున్నాను అంటే, ముందు అన్నం వండి తర్వాత రాసుకో అనేవాళ్ళు కాదా? పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఈ ఇంట్లో నాకంటూ ఒక గంట దొరికింది మీ పేరు మీదే. అందుకే నేను ఆపలేకపోయాను. మీ కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది సగమే నిజం.”

దిలీప్ ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వంటింట్లోంచి రాఘవమ్మ వచ్చింది. ఎప్పుడూ ఆయన మాట్లాడుతుండగా అడ్డం రాని మనిషి ఆవిడ.

“నాకు తెలుసు,” అంది. “మధ్యాహ్నాలు లహరి ట్యాబులో చదువుతూనే ఉన్నా. మీ నవలలు రాసినవి రాసినట్టు నలభై ఏళ్ళు విన్నానండీ, ఈ భాగాలు మీవి కావని చదవడం మొదలెట్టిన రెండో రోజే తెలిసింది. మీ కనకం ఒక్కసారి కూడా అలిసిపోలేదు. చచ్చిపోయింది గానీ, అలిసిపోలేదు.”

మరి నువ్వెందుకు చెప్పలేదని ఆయన అడగలేదు. ఆవిడ నలభై ఏళ్ళు విన్నానన్న మాటలోనే దానికి జవాబు ఉంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పెద్దమనిషి ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. అప్పుడు కూడా తువ్వాలే చూశారు.

సాయంత్రం ఆయన కోడల్ని పిలిచి, పాఠకులకి ఒక మాట రాయాలి, నేను చెప్తాను, కొట్టు అన్నారు. అక్కర్లేదు మావయ్యగారూ, సీరియల్ మెల్లగా ఆపేస్తాను అని ఆమె బతిమాలింది. ఆయన వినలేదు. ఆయన చెప్పింది నాలుగే వాక్యాలు. ఈ నవలలో కనకాన్ని నేను చంపాను, నా కోడలు సుస్మిత బతికించింది. మీరు మెచ్చుకున్నదంతా ఆమెది. మొన్న నందిగామలో నేను అబద్ధం చెప్పాను, క్షమించండి. ఇకమీదట ఆమె పేరు మీద చదవండి.

టైపు చేస్తూ ఆమె తన పేరు దగ్గర రెండుసార్లు తప్పు కొట్టింది. మళ్ళీ చదవమని విని, పెట్టెయ్ అన్నారు ఆయన.

అందరూ మెచ్చుకుంటారనుకుంటే పొరపాటు. మమ్మల్ని ఇన్నాళ్ళు వెర్రివాళ్ళని చేశారని కొందరు తిట్టారు. పెద్దాయన్ని అడ్డం పెట్టుకుని పేరు కొట్టేసిందని ఒకాయన సుస్మితనే అన్నాడు. చదివేవాళ్ళలో మూడోవంతు వెళ్ళిపోయారు. పుస్తకానికి పేరు రాయించుకున్నవాళ్ళలో కొందరు మాకొద్దన్నారు. ఇన్నాళ్ళు బస్సులో కూర్చుని ఒక్కొక్కరినీ పోగేసుకున్న మనుషులు, పొద్దున లేచి చూసేసరికి తగ్గిపోతుంటే ఆమెకి ప్రాణం ఉసూరుమనేది. ఆ వచ్చినవన్నీ, తిట్లతో సహా, పైకి చదవమన్నారు భవానీప్రసాద్ గారు. కుర్చీలో కదలకుండా విన్నారు. లూర్దమ్మగారు మాత్రం ఫోను చేసి సుస్మితని పిలవమన్నారు. నువ్వేనా అమ్మా నిలబడి తిన్నది, అని అడిగారు.

ఇంట్లో ఏదీ ఒక్కరోజులో మారిపోలేదు. బస్సు ఏడూ ఇరవైకే. బాక్సులు మూడే. వాటిలో ఒకటి ఇప్పుడు దిలీప్ సర్దుతున్నాడు, అదీ గుర్తున్న రోజున. సాయంత్రం ఆరింటికి మొదటి రెండు రోజులు సుస్మిత ఫోను తీయడానికి మొహమాటపడి, వంటింట్లో ఊరికే తిరిగింది. మూడోరోజు రాఘవమ్మ ఆమె చేతిలో గరిటె లాక్కుంది. వెళ్ళి రాసుకో, పప్పు నేను చూస్తాలే అంది. రాసేది ఎవరి పని అన్న మాట ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం సాయంత్రం ఆమె కిటికీ పక్కన కూర్చుని భాగం రాస్తోంది. ఎదురింటావిడ పంచదార కోసమో దేనికోసమో వచ్చి సుస్మితా అని కేకేసింది. భవానీప్రసాద్ గారు గేటు దగ్గరికి వెళ్ళి, తన కథ రాసుకుంటోందమ్మా, ఏడింటికి రా అన్నారు. ఆ మాట కిటికీలోంచి వినబడింది. సుస్మిత రాస్తున్న వాక్యం మీద చెయ్యి ఆపేసింది. ఏడుపు వచ్చింది. తుడుచుకుని మళ్ళీ రాసింది.

ఏడు కొట్టాక తలెత్తి చూస్తే ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి.

“అయిపోయిందా అమ్మా?”

“అయిపోయింది మావయ్యగారూ. రండి.”

“కొత్తది మొదలుపెట్టాను. చూస్తావా?” ఆయన కాగితాలు ఇచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడ్డారు. సబ్-రిజిస్ట్రారు ఎదుట కాగితం పెట్టి నిలబడ్డట్టే నిలబడ్డారు.

ఆమె రెండు పేజీలూ చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది. చాలా బాగుంది మావయ్యగారూ అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. ఆయన మొహంలోకి చూసి, దాన్ని మింగేసింది.

“బాగాలేదండీ,” అంది.

ఆయన గట్టిగా ఊపిరి పీల్చి వదిలారు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

“ఎక్కడ?” అన్నారు.